ఫినాలే లిగురే కొండబాటల్లో మౌంటెన్ బైకింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉద్యోగరీత్యా టొరినోలో ఉంటున్నాను. శుక్రవారం సాయంత్రం పని అవగానే సైకిల్‌ని కారుకు కట్టుకుని, రెండు గంటల్లో లిగూరియా తీరంలోని ఫినాలేకి దిగిపోవడం నాకు ఏళ్లుగా అలవాటు. మ్యూనిక్‌లో, మిలాన్‌లో ఉండే మన తెలుగువాళ్లు, సెలవులకు యూరప్ వచ్చే హైదరాబాద్ స్నేహితులు ఈ ఊరి గురించి నన్ను అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. మన దగ్గర బైక్ అంటే మోటారు బండి. ఈ పేజీలో మాత్రం బైక్ అన్నా, సైకిల్ అన్నా కాళ్లతో తొక్కేదే.

ఫినాలే లిగురే ఎక్కడుంది? ఇటలీలో ఇన్ని కొండలుండగా అక్కడికే ఎందుకు?

ఇటలీ వాయవ్య తీరంలో, సవోనా జిల్లాలో ఉంది. జెనోవా నుంచి పడమరగా సుమారు 70 కిలోమీటర్లు. సముద్రం ఒడ్డున ఫినల్‌మరీనా, పక్కనే ఫినల్‌పియా, కాస్త లోపలికి కోటగోడల మధ్య ఫినల్‌బోర్గో. ఈ మూడు ఊళ్లు 1927లో కలిసి ఒకే ఊరయ్యాయి.

అక్కడికే ఎందుకంటే, కొండ నేరుగా సముద్రంలోకి దిగే చోటు అది. సముద్రమట్టం నుంచి వెయ్యి మీటర్ల ఎత్తుకు వెళ్లాలంటే లోపలికి ఎంతో దూరం పోనక్కర్లేదు. పైన చలిదేశపు బీచ్ (beech) చెట్లు, చెస్ట్‌నట్ తోపులు ఉంటాయి. స్వెట్టర్ వేసుకుని బయల్దేరతారు. సగం దిగేసరికి పైన్ చెట్లు, ఓక్ పొదలు వస్తాయి. ఇంకా దిగితే ఆలివ్ తోటలు, తైమ్ అనే మూలిక వాసన, చివరికి మొహానికి ఉప్పుగాలి. ఒక్క దిగుడులో మూడు రకాల అడవులు దాటతారు. ఇది నాకు మరెక్కడా దొరకలేదు.

రేసుల వల్ల కూడా పేరొచ్చింది. 2013లో ఎండ్యూరో వరల్డ్ సిరీస్ (దిగుళ్లకే టైమ్ లెక్కించే కొండ సైకిల్ పోటీలు) మొదలైనప్పుడు, ఆ తొలి సీజన్ చివరి పోటీ ఇక్కడే జరిగింది. ఆ ఏడాది మొత్తం సిరీస్‌ని మగవాళ్లలో జెరోమ్ క్లెమెంజ్, ఆడవాళ్లలో ట్రేసీ మోస్లీ గెలిచారు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు సీజన్ ముగింపు ఫినాలేలోనే.

ఈ బాటలన్నీ సైకిళ్ల కోసమే వేశారా?

కాదు. నా దృష్టిలో ఫినాలే గురించి ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఇదే. కొన్ని బాటలు ఈ మధ్య సైకిళ్ల కోసం తవ్వినవి ఉన్నాయి. చాలావాటికి మాత్రం అంతకన్నా పాత చరిత్ర ఉంది. గాడిదల మీద ఆలివ్ కాయలు మోసిన దారులు, బొగ్గు కాల్చేవాళ్లు అడవిలోకి నడిచిన దారులు, రాతి గనుల నుంచి గులాబీ ఛాయ ఉన్న ఫినాలే రాయిని కిందికి దించిన దారులు.

వాల్ పోంచీ అనే చిన్న లోయలోకి వెళ్తే ఇంకా వెనక్కి పోతాం. క్రీస్తుపూర్వం 13లో అగస్టస్ చక్రవర్తి వేయించిన జూలియా అగస్టా రహదారి ఈ లోయ గుండా పోయేది. రోమన్లు కట్టిన ఐదు వంతెనల్లో కొన్ని శిథిలమయ్యాయి, కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి. వాటిలో బాగా మిగిలింది ‘దేవకన్యల వంతెన’ అనే అర్థం వచ్చే పోంతే దెల్లె ఫాతె. దాని మీద సైకిల్‌తో వెళ్లడం నాకు మనసొప్పదు. దిగి నడిపించుకుంటూ దాటతాను. అందరూ అలా చెయ్యరు, చేస్తే బాగుంటుంది.

1666లో స్పెయిన్ రాకుమారి మార్గరీటా తెరెసా పెళ్లికి వియన్నా వెళ్తూ ఫినాలేలో ఓడ దిగింది. అప్పట్లో ఈ ఊరు స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. ఆమె పరివారం కొండలు దాటడానికి బెరెత్తా అనే ఇంజనీరు కొత్తగా రోడ్డు వేయించాడు. ఇప్పటికీ ఆ దారిని ఆయన పేరుతోనే పిలుస్తారు. మనం సరదాగా దిగే దారుల వెనక ఇంత ఉంది.

నాకు రోడ్డు మీద సైకిల్ తొక్కడం వచ్చు, కొండబాట ఎప్పుడూ తొక్కలేదు. రావచ్చా?

తప్పకుండా రావచ్చు. కానీ మొదటి రోజే వ్యాన్ ఎక్కి శిఖరానికి వెళ్లకండి. మొదటి రోజు కిందే ఉండండి, ఒక గైడ్‌ని పెట్టుకోండి. సగం రోజు గైడ్‌తో తిరిగితే, ఒంటరిగా ఒక వారంలో నేర్చుకునేది వచ్చేస్తుంది. ఇది ఖర్చు పెట్టదగ్గ చోటు.

మొదటి రోజు ఎక్కడ తొక్కాలి?

మానియే పీఠభూమి మీద. ఊరికి తూర్పున, సముద్రానికి దాదాపు 300 మీటర్ల పైన, ఎర్రమట్టి, సున్నపురాయి, పైన్ చెట్లు కలగలిసిన మెట్టప్రాంతం ఇది. ఆ ఎర్రమట్టి చూసి మా కజిన్ ఒకడు ‘అరే, మన కర్నూలు వైపు ఉన్నట్టుందే’ అన్నాడు. నిజంగానే రంగు అలాగే ఉంటుంది. ఇక్కడ ఎత్తుపల్లాలు చిన్నవి. తప్పు చేసినా పెద్దగా దెబ్బ తగలదు, మళ్లీ వెనక్కి వచ్చి అదే మలుపు ఇంకోసారి ప్రయత్నించవచ్చు.

24 గంటలు ఆగకుండా తొక్కే టీముల రేస్ ఒకటి ఏళ్లుగా ఈ పీఠభూమి మీదే జరుగుతోంది. ఆ రేస్ చుట్టుబాట మామూలు రోజుల్లో నేర్చుకోవడానికి చక్కగా ఉంటుంది. ఓ మలుపు దగ్గర చెట్లు పక్కకి తొలగి, కింద ఒక్కసారిగా సముద్రం కనిపిస్తుంది. అక్కడ ఆగి చూడండి, కదులుతూ చూడకండి. మలుపు బయటి అంచున వదులు రాళ్లున్నాయి.

మధ్యాహ్నం వాల్ పోంచీలోకి దిగి, వంతెనలు చూసుకుంటూ వెనక్కి రావచ్చు. పీఠభూమి నుంచి వరిగొత్తి ఊరి వైపు నిటారుగా దిగే బాటలు కూడా ఉన్నాయి. సముద్రం దగ్గరగా కనిపిస్తోందని వాటిలోకి వెళ్లిపోతారు చాలామంది. అవి మొదటి రోజుకి కావు. ఆ వాలులో మెట్లలాంటి రాళ్లు, వాటి మధ్య గుండ్రాళ్లు ఉంటాయి. సగంలో ఆగితే నడిచి దిగడం కూడా కష్టమే.

అందరూ ‘నాటో బేస్’ అంటారు. అదేమిటి?

పియాన్ దెయ్ కోర్సీ దగ్గర, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున పాడుబడిన సైనిక స్థావరం. ఖాళీ భవనాలు, గోడల నిండా రంగుల బొమ్మలు. అక్కడి వరకూ వ్యాన్లు వస్తాయి కాబట్టి పెద్ద దిగుళ్లకు అదే మొదలు. రోలర్ కోస్టర్ అనే బాట పేరు వినే ఉంటారు, అది ఆ చుట్టుపక్కలే మొదలవుతుంది. పైన కింద కన్నా చాలా చల్లగా ఉంటుంది, గాలి విసురుగా వీస్తుంది. ఊళ్లో టీషర్టుతో తిరిగిన రోజు కూడా అక్కడ జాకెట్ కావాలి. చలికాలంలో మంచు పడడమూ ఉంది.

వ్యాన్‌లో పైకి వెళ్లాలా, తొక్కుకుంటూ ఎక్కాలా?

రెండూ చేయండి. వ్యాన్ వెనక ట్రాలీలో సైకిళ్లు నిలబెట్టి తీసుకెళ్తారు. రోజుకి ఎన్నిసార్లు పైకి తీసుకెళ్తారనే లెక్కన టికెట్ ఉంటుంది. శని ఆదివారాల్లో ముందే బుక్ చేసుకోకపోతే సీటు దొరకదు.

వ్యాన్‌లో రోజంతా దిగుళ్లే చేస్తే మూడో దిగుడుకి అరచేతులు బిగుసుకుపోతాయి, బ్రేక్ మీద వేలు సరిగ్గా ఆనదు. ప్రమాదాలు ఎక్కువగా అప్పుడే. ‘ఇంకొక్కటి వేసేద్దాం’ అనిపించినప్పుడు ఆ ఒక్కటి మానేయండి. ఎక్కుతూ వెళ్తే రోజుకి ఒకటో రెండో దిగుళ్లే అవుతాయి. కానీ బాట ఎక్కడ చీలుతుందో, ఏ తోట ఎవరిదో, నీళ్లు ఎక్కడున్నాయో ఎక్కేటప్పుడే తెలుస్తుంది.

ఈ-బైక్ తీసుకుంటే తప్పా?

ఏమీ కాదు. ఇక్కడ సగం మందికి పైగా వాటి మీదే కనిపిస్తున్నారు. యూరప్ నిబంధన ప్రకారం మోటారు సాయం గంటకు 25 కిలోమీటర్ల వరకే, అదీ తొక్కితేనే. బండి బరువు ఎక్కువ కాబట్టి దిగుడులో ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. అది గుర్తుంచుకుంటే చాలు.

ఆ రాయి గురించి అందరూ భయపెడుతున్నారు. నిజంగా అంత జారుతుందా?

పొడిగా ఉన్నప్పుడు జారదు. గరుకు కాగితంలా పట్టు ఇస్తుంది. జనం ఎక్కువగా తిరిగి నున్నబడిన చోట, తడిసిన చోట మాత్రం సబ్బు మీద కాలు పెట్టినట్టే.

ఫినాలే సున్నపురాయిని దగ్గరగా చూడండి. లేత గులాబీ, బూడిద రంగుల్లో ఉంటుంది. ఒంటినిండా చిన్న చిన్న గుంటలు, మధ్యమధ్య పాతకాలపు గవ్వల ముక్కలు. వేలితో తడిమితే అంచులు కోసుకునేంత పదును. చక్రాలు రోజూ పోయే గీత మాత్రం వేరుగా కనిపిస్తుంది. ఆ గీతలో గుంటలు అరిగి, రాయి పాలిష్ పట్టినట్టు మెరుస్తుంటుంది. మెరుపు కనిపించిందంటే అక్కడ బ్రేక్ పట్టకూడదు. వేగం తగ్గించాలంటే బండకి ముందున్న మట్టి మీదే తగ్గించి, బండ మీద చక్రాల్ని వాటి దారిన పోనివ్వాలి.

నాకు మొదట్లో అర్థం కానిది ఇదే. భయం వేయగానే చెయ్యి దానంతటదే బ్రేక్ నొక్కేది, వెనక చక్రం పక్కకి లాగేది. ఒక గైడ్ నన్ను ఒకే బండ మీద పదిసార్లు దింపించాడు. సీటు కిందికి దించు, పెడల్స్ రెండూ నేలకు సమానంగా ఉంచు, మడమలు కొంచెం కిందికి, ఒక్కో బ్రేక్ మీద ఒక్క వేలే, చూపు బండ మీద కాదు, బండ దాటాక ఉన్న చెట్టు మీద. పదోసారికి చెయ్యి ఊరుకుంది. మీరు కూడా చిన్న బండ దగ్గర ఆగి, పదిసార్లు దిగి చూడండి. వెనక మనుషులు వస్తుంటే దారివ్వండి, సిగ్గుపడకండి.

టైర్లలో గాలి ఎంత ఉంచాలి?

ట్యూబ్‌లెస్ టైర్లయితే, మన ఒంటి బరువును బట్టి 23 నుంచి 27 పీఎస్‌ఐ మధ్య. వెనక టైరులో ముందుదానికన్నా ఒకటి రెండు ఎక్కువ. మరీ తగ్గిస్తే రాతి అంచు రిమ్ము దాకా గుద్దుతుంది. పలచటి టైర్లు ఇక్కడికి పనికిరావు, పక్కగోడలు చీలిపోతాయి. టైరు అతుకు సామాను, ఒక ట్యూబు, పంపు సంచిలో ఉండాల్సిందే.

ఏ నెలలో వెళ్తే మంచిది?

మార్చి చివరి నుంచి మే వరకు, మళ్లీ సెప్టెంబరు మధ్య నుంచి నవంబరు మొదటి వారాల వరకు. నా మనసుకి నచ్చింది అక్టోబరు. వేసవిలో కాగిన సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది, దిగి వచ్చి నీళ్లలోకి పోవచ్చు.

జులై, ఆగస్టు వద్దు. ఎండ మనకి అలవాటే కదా అనుకుంటారు కానీ లేతరంగు రాయి వేడిని మొహం మీదకి తిరగ్గొడుతుంది. ఊరంతా సెలవుల జనం, గదుల ధరలు మండిపోతుంటాయి. అడవి అంటుకునే ప్రమాదమూ ఆ నెలల్లోనే ఎక్కువ. చలికాలంలో ఆల్ప్స్ బాటలు మంచు కింద ఉన్నప్పుడు ఇక్కడ కింది బాటలు హాయిగా తొక్కవచ్చు, అందుకే స్విట్జర్లాండ్, జర్మనీల నుంచి జనం వస్తారు. డిసెంబరులో సాయంత్రం 5 కాకముందే సూర్యుడు వెళ్లిపోతాడు. లోయల్లో ఇంకా ముందే చీకటి. లైటు వెంట ఉంచుకోండి.

వర్షం పడితే ప్లాన్ మార్చుకోవాలా?

చినుకులైతే పైన అడవిలోని మట్టి బాటలు చూసుకోండి, సున్నపురాయి బాటలు మర్నాటికి వదిలేయండి. రాయి సందుల్లోంచి నీళ్లు త్వరగా ఇంకిపోతాయి కాబట్టి ఎండ, గాలి ఉంటే ఒక్క పూటలో మానియే పొడిబారుతుంది.

శరదృతువులో పడే పెద్ద వానల సంగతి వేరు. లిగూరియాలో కొండకీ సముద్రానికీ మధ్య జాగా లేదు. పడ్డ నీళ్లు గంటల్లో వాగులై ఊళ్ల మీద పడతాయి. 2011 నవంబరులో, 2014 అక్టోబరులో జెనోవా ఎలా మునిగిందో ఇక్కడివాళ్లు ఇంకా చెప్పుకుంటారు. అందుకే ప్రభుత్వం పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తుంది. నారింజ వచ్చిందంటే లోయ బాటలకి వెళ్లకండి. ఎరుపు వస్తే గది దాటకండి.

బాట ఎంత కష్టమో ముందే ఎలా తెలుస్తుంది?

బోర్డుల మీద, యాప్‌లలో రంగులుంటాయి. ఆకుపచ్చ తేలిక, నీలం మధ్యరకం, ఎరుపు కష్టం, నలుపు చాలా కష్టం. ఇటాలియన్ ఆల్పైన్ క్లబ్ వాళ్ల కొలమానం అక్షరాల్లో ఉంటుంది: ఎంసీ అంటే మామూలు నైపుణ్యం చాలు, బీసీ అంటే మంచి నైపుణ్యం కావాలి, ఓసీ అంటే ఆరితేరినవాళ్లకి. ట్రెయిల్‌ఫోర్క్స్ యాప్‌లో బాట తెరిచి ఉందో మూసి ఉందో కూడా చూసుకోవచ్చు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోయల్లో సిగ్నల్ పోతుంది.

ఒక సంగతి. ఇక్కడి ఎరుపు, మామూలు బైక్ పార్కుల్లో ఎరుపు కన్నా గట్టిది. వేరేచోట ఎరుపు తొక్కినవాళ్లు ఇక్కడ నీలంతో మొదలుపెట్టండి.

నీళ్లు దారిలో దొరుకుతాయా?

ఊళ్లలో కుళాయిలున్నాయి, కొండ మీద లేవు. సున్నపురాయి నేల నీళ్లని మింగేస్తుంది, పైన వాగులు కనిపించవు. కనీసం రెండు లీటర్లు మోసుకెళ్లండి.

వేట సీజన్ అంటున్నారు, ప్రమాదమా? జంతువులున్నాయా?

ఇటలీలో వేట సాధారణంగా సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి జనవరి 31 దాకా. చట్టం ప్రకారం మంగళ, శుక్రవారాల్లో దేశమంతటా వేట నిషేధం. పై అడవుల్లోకి వెళ్లాలనుకుంటే ఆ రెండు రోజులు ఎంచుకుంటే టెన్షన్ ఉండదు. మిగతా రోజుల్లో కళ్లకు కొట్టొచ్చే రంగు బట్టలు వేసుకోండి. కుక్కల అరుపులు, బూర శబ్దం వినిపిస్తే అడవిపందుల కోసం గుంపుగా వేటాడుతున్నారని అర్థం. గట్టిగా మాట్లాడుతూ వెనక్కి మళ్లండి.

అడవిపందులు మనల్ని చూసి పారిపోతాయి, పిల్లలు వెంట ఉన్నప్పుడు మాత్రం దూరంగా ఉండాలి. రాళ్ల మీద ఎండ కాచుకునే పాములు, గడ్డిలో గోమార్లు ఉంటాయి. సాయంత్రం స్నానం చేసేటప్పుడు కాళ్లు, నడుము దగ్గర చూసుకోండి. వసంతంలో పైన్ చెట్ల కింద వరసకట్టి పాకే గొంగళిపురుగులు కనిపిస్తే ముట్టకండి, వాటి నూగు తగిలితే ఒళ్లు దద్దుర్లెక్కుతుంది.

బాట మీద పాటించాల్సిన మర్యాదలేమిటి?

నడిచేవాళ్లకి ముందు దారివ్వాలి. వేగం తగ్గించి, ‘బొంజోర్నో’ అని పలకరించి, వాళ్లు పక్కకి నిలబడితే ‘గ్రాత్సియే’ అనండి. ఎక్కేవాళ్లకి దిగేవాళ్లు దారివ్వాలి. తోటల గేట్లు ఎలా ఉన్నాయో అలాగే వదలాలి. మూసిన బాట మూసినట్టే.

అన్నిటికన్నా ముఖ్యం రాతిగోడలు. లిగూరియా కొండల నిండా మెట్లు మెట్లుగా పొలాలు కనిపిస్తాయి. వాటిని నిలబెట్టేవి సున్నం, సిమెంటు ఏదీ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడలు. ఇలా పేర్చే విద్యని 2018లో యునెస్కో ఇటలీతో సహా ఎనిమిది దేశాల పేర మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఈ గోడల్లో ఒక్క రాయి కదిలితే, వచ్చే వానకి దాని పక్కది, ఆ తర్వాత గజం గోడ, ఆ తర్వాత దాని వెనక మట్టి.

నాకిది పుస్తకంలో తెలియలేదు. రెండో ఏడు నవంబరులో, ఒక పల్లె పైన మలుపులో బ్రేక్ ఆలస్యంగా పట్టాను. వెనక చక్రం జారి గోడ కొసకి కొట్టుకుంది. మూడు రాళ్లు దొర్లి కింద ఆలివ్ కాయల కోసం పరిచిన వల మీద పడ్డాయి. చెట్టు కింద ఉన్న పెద్దాయన, డెబ్బై ఏళ్లు ఉంటాయేమో, కర్ర పక్కన పెట్టి పైకి వచ్చాడు. తిట్టలేదు. ముందు నాకు దెబ్బ తగిలిందేమో చూశాడు. తర్వాత రాళ్ల వైపు చూపించాడు.

మూడూ మోసుకొచ్చాను. నాకు తోచినట్టు పెట్టబోతే ఆపి, పెద్ద రాయిని అడుగున, దాని పొడుగు గోడలోపలికి పోయేలా పెట్టించాడు. బయటికి కనిపించే మొహం కొంచెం వెనక్కి వాలాలి. సందుల్లో చిన్న చిప్పరాళ్లు వెనక నుంచి కూరాలి, ముందు నుంచి కాదు. ఒక్కో రాయి పెట్టాక అరచేత్తో చరిచేవాడు. కదిలిన చప్పుడొస్తే తీసేయమనేవాడు. మూడు రాళ్లకి గంట పట్టింది. మా తాతగారి చేనుగట్టు వానకి తెగినప్పుడు ఆయన కూడా ఇలాగే, మాట్లాడకుండా, ఒక్కో గడ్డా కాలితో తొక్కి చూసేవాడు. ఆ గోడ దగ్గరికి ఇప్పటికీ వెళ్తుంటాను. ఆ మూడు రాళ్లూ ఉన్నాయి.

కాబట్టి మలుపుల్లో గోడమీదికి సైకిల్ ఆనించకండి, గోడెక్కి దూకకండి. రాయి పడితే ఆగి, పెట్టండి. పెట్టడం రాకపోతే ఎవరినైనా అడగండి. ఈ బాటలు చాలా చోట్ల సొంత భూముల గుండానే పోతున్నాయి. వాళ్లు వద్దంటే రేపటి నుంచి బాట ఉండదు.

తిండి సంగతేంటి? శాకాహారులకి ఇబ్బందా?

ఇటలీలో శాకాహారులకి ఇంత అనువైన ప్రాంతం ఇంకొకటి లేదేమో. పొద్దున్నే బేకరీలో ఆలివ్ నూనె, ఉప్పు వేసి కాల్చిన ఫొకాచ్చా అనే రొట్టె. ఇక ఫరినాతా గురించి తప్పక చెప్పాలి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. వెడల్పాటి రాగిపళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పైన కరకర, లోపల మెత్తన. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు మొదటి ముక్క తిని, ‘ఇందులో పచ్చిమిర్చి, జీలకర్ర పడితే మనదే’ అంది. మిరియాల పొడి చల్లుకుంటే సరిపోతుంది. చిన్న డబ్బాలో కారప్పొడి తెచ్చుకుంటే ఇంకా మంచిది.

పెస్టో అనే బేసిల్ ఆకుల పచ్చడి కూడా ఇక్కడిదే. బంగాళాదుంప, బీన్స్ వేసి ట్రోఫియే పాస్తాతో కలిపి పెడతారు. నియమంగా ఉండేవాళ్లు ఒకటి గమనించాలి: అందులో పడే పార్మిజానో చీజ్ తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన తోడు వాడతారు.

వీసా, ఇన్సూరెన్స్?

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి షెంగెన్ వీసా కావాలి. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. జర్మనీలోనో మరో షెంగెన్ దేశంలోనో నివాస పర్మిట్ ఉంటే విడిగా వీసా అక్కర్లేదు. వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య ఇన్సూరెన్స్ అడుగుతారు. అసలు సమస్య ఇక్కడే. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి సాహస క్రీడలు వర్తించవు. ‘మౌంటెన్ బైకింగ్’ అన్న మాట, కొండ మీద నుంచి రక్షించి తెచ్చే ఖర్చు, ఈ రెండూ పాలసీలో రాసి ఉన్నాయో లేదో చదివి చూసుకోండి. ఏజెంటు నోటిమాట మీద నమ్మకం పెట్టుకోవద్దు.

సైకిల్ వెంట తెచ్చుకోవాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా?

ఇండియా నుంచి వచ్చేవాళ్లు అద్దెకే తీసుకోండి. 150 నుంచి 170 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉన్న బండి అడగండి, ఇక్కడి రాళ్లకి అదే సరి. ఈ-బైక్ బ్యాటరీలని ప్రయాణికుల విమానాల్లో అనుమతించరు కాబట్టి వాటి విషయంలో వేరే దారే లేదు. తెచ్చుకోవాల్సినవి మీ హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, చేతి తొడుగులు, అలవాటైన బూట్లు. బండి చేతికి ఇవ్వగానే ముందు బ్రేకులు చూడండి. మన దగ్గర ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది. ఇక్కడ సాధారణంగా ఎడమచేతికి. ఆ సంగతి తెలియక మొదటి మలుపులోనే హ్యాండిల్ మీదుగా ఎగిరిపడినవాళ్లని చూశాను. అడిగితే షాపులో మార్చి ఇస్తారు.

ఎలా చేరుకోవాలి?

దగ్గర విమానాశ్రయం జెనోవా. ఇండియా నుంచైతే మిలాన్‌కి వచ్చి రైలెక్కడం తేలిక. జెనోవా నుంచి వెంతిమీల్యా వెళ్లే తీరప్రాంత రైళ్లు ఫినాలే లిగురే మరీనాలో ఆగుతాయి, గంట ప్రయాణం. ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చేవాళ్లకి నీస్ కూడా దగ్గరే. ప్రాంతీయ రైళ్లలో సైకిల్‌కి అదనపు టికెట్ తీసుకోవాలి.

కొండ మీద దెబ్బ తగిలితే?

112కి ఫోన్ చేయండి. బాట పేరు, ఫోన్‌లోని జీపీఎస్ అంకెలు చెప్పండి. కొండ రక్షణ దళం వస్తుంది. ఒంటరిగా వెళ్తే ఏ బాటకి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో గది ఇచ్చినవాళ్లకి చెప్పి వెళ్లండి.

ఇంట్లోవాళ్లు సైకిల్ తొక్కరు. వాళ్లేం చేస్తారు?

సముద్రం ఉంది, ఫినల్‌బోర్గో వీధులు ఉన్నాయి. అక్కడి సాంతా కతెరీనా పాత మఠంలో పురావస్తు మ్యూజియం చూడదగ్గది. దగ్గరలోని అరెనె కాందిదె గుహలో 1942లో బయటపడిన రాతియుగపు యువకుడి సమాధి గురించి అక్కడ తెలుసుకోవచ్చు. గవ్వల టోపీతో పూడ్చిన ఆ కుర్రాణ్ణి ‘చిన్న రాకుమారుడు’ అంటారు. పిల్లలతో చదునైన దారి కావాలంటే ఇంకా పడమటికి వెళ్లండి. సాన్ లొరెంజో నుంచి ఒస్పెదలెత్తి దాకా పాత రైలుమార్గం మీద వేసిన 24 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది, పొడవునా సముద్రం పక్కనే.

హైదరాబాద్‌లో ఉండి ఎలా సిద్ధం కావాలి?

ఓఆర్ఆర్ పక్కన 2023లో తెరిచిన సైకిల్ ట్రాక్ మీద కాళ్లకి దమ్ము వస్తుంది, కానీ రాళ్ల మీద తూకం రాదు. వారానికోసారైనా వికారాబాద్ వైపు అనంతగిరి మట్టిదారుల్లోకి వెళ్లండి. చేతులకి, నడుముకి వ్యాయామం చేయండి. దిగుడులో అలిసేది కాళ్లు కాదు, ముంజేతులు.

ఇంకా దూరం వెళ్లాలనుంటే?

లిగూరియా కొండల వెన్ను మీదుగా, ఫ్రాన్స్ సరిహద్దు దగ్గరి వెంతిమీల్యా నుంచి తూర్పు కొస దాకా 400 కిలోమీటర్లకు పైగా సాగే ఆల్తా వియా అనే నడకదారి ఉంది. ఫినాలే పైన మెలోన్యో కనుమ దగ్గర దాన్ని అందుకోవచ్చు. ఆ కనుమలో రోడ్డు పాత కోట లోపలి నుంచే పోతుంది. పక్కన బార్బొత్తీనా అడవి, అంతా బీచ్ చెట్లు. అక్టోబరు చివర ఆకులు రాగిరంగుకి తిరిగినప్పుడు అక్కడ సైకిల్ చక్రాల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఆల్తా వియా అంతా తొక్కడానికి వీలుగా ఉండదు, కొన్ని చోట్ల బండి భుజానికెత్తుకోవాలి.

నాకు ఒక్క రోజే ఉంది. ఏం చెయ్యమంటారు?

పొద్దున్నే ఫినల్‌బోర్గోలో ఫొకాచ్చా తిని, రెండు ముక్కలు పొట్లం కట్టించుకుని, మానియేకి తొక్కుకుంటూ ఎక్కండి. రేస్ చుట్టుబాట రెండుసార్లు తిరగండి: మొదటిసారి చూడడానికి, రెండోసారి తొక్కడానికి. మధ్యాహ్నం వాల్ పోంచీలోకి దిగండి. దేవకన్యల వంతెన నీడలో కూర్చుని ఆ పొట్లం విప్పండి. సాయంత్రం నాలుగింటికల్లా ఒడ్డుకి చేరితే రైలుకి ముందు సముద్రంలో మునగడానికి టైమ్ ఉంటుంది.